మంచు దాటి వచ్చిన ప్రాణము

మా తెల్లాపూరున నేడు పశువుల కొట్టములును, ముప్పది యంతస్తుల మేడలును ప్రక్కప్రక్కనే యున్నవి. సాయంకాలమగుసరికి మేడ నీడ మా కొట్టముపై బడును. మావారు బడిపంతులు. వారి జీతముతో నిల్లు గడచుచున్నను, అత్తగారి కాలమునుండి వచ్చుచున్న పాడిని మాన మనసొప్పక, ఒక్క బఱ్ఱెను మాత్రము విడువకుండ నుంచుకొంటిమి.

ఈ వ్యాసమునకు గారణము ఆ బఱ్ఱె; మా చెల్లెలును గారణమే. ఈ యిద్దఱిని ఒక్క వాక్యమున జేర్చుట మర్యాద గాదని యెఱుగుదుము. సోదరీమణులు కడవఱకు జదివినచో మమ్ము మన్నింతురని నమ్మకము.

గత మాఘమాసమున బఱ్ఱె యెదకు వచ్చెను. మా చిన్ననాట నట్టి దినమున ఊరి దున్నపోతు నొద్దకు దోలుకొని పోవువారు. ఇప్పుడు సూది వేయువానికి కబురంపిన జాలును. అతడు మోటారుసైకిలుపై చిన్న బిందెవంటి పాత్రను గట్టుకొని వచ్చును. మూత తీయగానే తెల్లని పొగ వెలువడును. పొయ్యి పొగ పైకి బోవును. ఈ పొగ నేలకు దిగును. ఆ పాత్రలో నున్నది ద్రవ నత్రజని. మనము పీల్చు గాలిలో నూటికి 78 పాళ్ళు నత్రజనియే. దానిని మిక్కిలి చల్లార్చినచో నీరువలె ద్రవమగును. దాని చలి సున్నకు దిగువ 196 డిగ్రీలు. గడ్డిపరకంత సన్నని గొట్టములు అందు మునిగియుండును. ఒక్కొక్క గొట్టమున, ఎన్నడో ఎక్కడనో ఒక మేలుజాతి దున్ననుండి గ్రహించిన బీజకణములు సుమారు 2 కోట్లు నిద్రించుచుండును.

ఆనాడు వచ్చినవాడు పనికి క్రొత్తవాడు. గొట్టమును బైకి దీసిన క్షణముననే జేబులోని ఫోను మ్రోగెను. ఒక చేత గొట్టమును, ఒక చేత ఫోనును బట్టుకొని, ఎండలో నిలిచి, ఎవరికో దారి చెప్పసాగెను. మేము గోరువెచ్చని నీళ్ళ చెంబుతో ప్రక్కన నిలిచియుంటిమి. మాటలు ముగిసిన పిదప గొట్టమును నీట ముంచి, తన పని తాను జేసి పోయెను. మూడు వారములకు బఱ్ఱె తిరగపొర్లెను. అదియే కారణమని నిశ్చయముగా జెప్పజాలము. బఱ్ఱెలకు మూగ యెద తఱచు గనుక అదను తప్పుట సామాన్యమే. కాని చెంబులోని నీళ్ళు చేతిలో జల్లారిపోవుచుండగా మాకు గలిగిన తొట్రుపాటు మాత్రము నేటికిని మఱపునకు రాలేదు.

ఆ దినములలో మా చెల్లెలు మాయింటనే యుండెను. దానికి బెండ్లియై తొమ్మిదేండ్లు. భర్త పటాన్‌చెరువున నొక కర్మాగారమున ఉద్యోగి. సంతానము లేక, నగరమున నొక వైద్యురాలిని ఆశ్రయించిరి. ఆమె మందులిచ్చి, అండములను దీసి, భర్త బీజముతో గాజుపాత్రలో జేర్చి, ఐదు దినములు పెంచగా మూడు పిండములు నిలిచినవి. ఇంతలో మందుల తీవ్రతకు చెల్లెలి శరీరముబ్బి, కడుపున నీరు చేరెను. "ఈ నెల గర్భమున నుంచుట తల్లికి క్షేమము కాదు. మూటిని గడ్డకట్టించి దాచెదము, మీరు కోలుకొనిన పిమ్మట చూతము" అని వైద్యురాలు చెప్పిరట. విశ్రాంతికై చెల్లెలు మాయింటికి వచ్చెను.

పెరటిలో జరిగినదంతయు అది వంటింటి కిటికీనుండి చూచినదని మే మెఱుగము. బఱ్ఱె తిరగపొర్లిన నాటి రాత్రి, మా ప్రక్కనే పండుకొని, "అక్కా, నావి గూడ ఆ పొగలోనే యున్నవి గదా?" అని యడిగెను. మఱేమియు ననలేదు. మాకు బదులు తోచలేదు.

చెల్లెలి యత్తగారికి ఈ వైద్యమే యిష్టము లేదు. ఒకనాడు వచ్చి, "కుండలలో బెరిగినవారు కౌరవులు గారా? ఏమి మేలు జరిగినది?" అనిరి. ఆదిపర్వమున గాంధారి మాంసపిండమును వ్యాసులు చన్నీట దడిపి, నూటొక్క భాగములు చేయించి, నేతికుండలలో నుంచిన కథ వారికిని దెలియును, మాకును దెలియును. "అత్తయ్యా, ద్రోణాచార్యులును, అగస్త్యులును గూడ కుంభసంభవులే గదా!" అంటిమి. ఆమె నవ్వి యూరకుండిరి. మాటకు మాట చెప్పి గెలిచితిమి గాని, చెల్లెలి ప్రశ్న యట్లే నిలిచెను. పురాణమున కుండలున్నవని నేటి శాస్త్రమంతయు మనవా రెఱుగుదురనుట మా యభిమతము గాదు. నేతికుండ వేఱు, నత్రజని బిందె వేఱు.

మా చదువు మా తండ్రిగారు వసారాలో గూర్చుండబెట్టి చెప్పిన భారత భాగవతములు, అమరము, కొంత వ్యాకరణము. జీవశాస్త్రము అందు లేదు. మావారు పుస్తకములు తెచ్చియిచ్చిరి. చెల్లెలితో వైద్యశాలకు బోయినప్పుడెల్ల, అచ్చట పిండములను గనిపెట్టియుండు పడుచును ప్రశ్నలతో విసిగించితిమి. ఆమె ఓర్పునకు మే మెంతయు ఋణపడియున్నాము. తెలిసికొన్నదానిని మన వంటింటి భాషలో జెప్పెదము.

ఫ్రిజ్జు పైయరలో మఱచిపోయిన టమాటపండు గడ్డకట్టి, బైట బెట్టగానే నీరుకాఱి ముద్దయగుట మీరు చూచియే యుందురు. లోపలి నీరు మంచై, మొనదేలి, పొరలను జీల్చినందున నట్లగును. ఇది నిజమే గాని, సగము నిజము. నెమ్మదిగా జల్లార్చినపుడు మంచు మొదట కణమునకు వెలుపలనే కట్టును. మంచు తనలో నుప్పును జేర్చుకొనదు. అందుచే మిగిలిన కొద్దిపాటి నీటిలో నుప్పు చిక్కబడి, కణము లోపలి నీటిని బైటికి లాగును. మామిడికాయ ముక్కల నుప్పులో నుంచిన మూడవనాటికి ఊట దిగి ముక్క ముడుతపడుటయు నిట్టిదే. మిక్కిలి మెల్లగా జల్లార్చిన కణము ఇట్లు ముడుచుకొని యెండి చచ్చును. మిక్కిలి వేగముగా జల్లార్చిన, నీరు బైటికి బోవుటకు వ్యవధి లేక లోపలనే మంచై చంపును. ఈ రెంటి నడుమ నొక్కొక్క జాతి కణమునకు నొక్కొక్క వేగము సరిపడును.

ఇది గాక కణము చుట్టునున్న పొర క్రొవ్వులతో నేర్పడినది. చలికాలమున కొబ్బరినూనె సీసాలో బేరుకొనునట్లు, చలికి నా పొరలోని క్రొవ్వులు బిగుసుకొనును. ఒకదానితో నొకటి కలసియున్నవి విడివడును. మరల వెచ్చబడినపుడు అన్నియు పూర్వపు స్థానములకు జేరవు. పొరలో సందులు పడి, లోనికి రాగూడనివి వచ్చును.

బీజకణములను గడ్డకట్టించి బ్రదికించిన కథ యిది. 1949లో ఇంగ్లండున క్రిస్టఫర్ పోల్జ్, ఆడ్రీ స్మిత్, ఆలన్ పార్క్స్ అను మువ్వురు కోడిపుంజు బీజమును పండ్ల చక్కెర కలిపిన నీటితో గాపాడజూచి విఫలులైరి. పిమ్మట నొకమాఱు ఫలితము చక్కగా వచ్చెను. పరీక్షింపగా సీసాపై నున్న చీటీ తప్పు. లోపలనున్నది చక్కెర గాదు, గ్లిసరిను. వంటింట చీటీ మారిన డబ్బాలచే మన మెన్ని యవస్థలు పడితిమో గాని, ఇట్టి మేలు మన కెన్నడును గలుగలేదు! గ్లిసరిను కణములోనికి జొచ్చి నీటితో గలసి, మంచును గొంత యడ్డును. ఉప్పు చిక్కబడుటను దగ్గించును. నేడు మన పశువులకు వచ్చు గొట్టములన్నిటిలో నిదియే యున్నది.

అయినను నష్టము తప్పదు. కరిగించిన పిదప సగము కణములు కదలుచున్నచో గొట్టము మంచిదని లెక్క. అనగా సగము పోవుట మామూలే. మిగిలినవియు మునుపటివలె నుండవు. పొర సడలి, సున్నపు పాలు లోని కెక్కి, గర్భమార్గమున గంటలకొలది పయనించిన పిమ్మట రావలసిన మార్పు ముందుగనే వచ్చును. పయనము మొదలు పెట్టకమునుపే బడలిక! అందుచే వాని యాయువు తగ్గును. ఉదయము యెద గనిపించిన సాయంకాలమున, సాయంకాలము గనిపించిన మఱునాటి యుదయమున సూది వేయవలెనను నియమమును బాటించుట ఇందుకు గూడ నవసరము. త్వరపడినచో అండము వచ్చువేళకు అవి బ్రదికియుండవు.

ఎండలో నిలిచి ఫోను మాటలాడినవాని తప్పిదమును గూడ మాకప్పుడు తెలిసినది. గొట్టమును దీసిన వెంటనే 37 డిగ్రీల నీటిలో సుమారు అరనిమిషము ముంచవలెను. మెల్లగా వెచ్చబడినచో, చిన్నచిన్న మంచుకణికలు కరగి యొకటితో నొకటి చేరి పెద్దవగును. కరెంటు పోయి వచ్చిన తరువాత ఐస్‌క్రీము గరుకుగా నగుట కిదియే కారణము. చలిలోనికి బోవునపుడు తప్పించుకొన్నవి, వచ్చునపుడు చచ్చును.

మఱి లోపల నున్నంత కాలము? మమ్ము మిక్కిలి యాశ్చర్యపఱచిన సంగతి యిది. ఆ చలిలో నేదియు జరుగదు. నీరు ద్రవముగా లేదు; ఒక యణువు కదలి మఱియొకదానిని జేరదు; ఆకలి లేదు, వార్ధక్యము లేదు. ప్రకృతిలో నెల్లెడల నుండు సూక్ష్మకిరణములు మాత్రము తాకుచుండును. వానివలన హాని కలుగుటకు వేలకొలది సంవత్సరములు పట్టునని లెక్కకట్టిరి. 1992లో అమెరికాలో దాచిన పిండములనుండి 2022లో కవలలు పుట్టిరి. అపాయమంతయు గడప దాటునపుడే, పోవునపుడొకమాఱు, వచ్చునపుడొకమాఱు.

ఈ గడపను సులువుగా దాటు ప్రాణములును గలవు. 1972లో మా ఊరికి సమీపమున పటాన్‌చెరువు వద్ద అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధనా సంస్థ యేర్పడినది. ఇక్రిశాట్ అనిన అందఱెఱుగుదురు. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, చిఱుధాన్యముల వంగడములు లక్ష యిరువది వేలకు మించి అచ్చట భద్రపఱచిరి. దీర్ఘకాలమునకై దాచు గదిలో సున్నకు దిగువ 20 డిగ్రీలు. చల్లని పొడిగాలిలో నారబెట్టిన గింజలో మంచు కట్టుటకు దగిన నీరే యుండదు గనుక దానికి హాని లేదు. మన పూర్వులు విత్తనములను బాగుగ నెండబెట్టి బూడిద కలిపి కుండలకెత్తుటలోని మర్మమును ఇదియే: ముందు నీరు పోవలెను. కాని మామిడిటెంకను, పనసగింజను ఇట్లు దాచజాలరు. ఎండిన నవి చచ్చును. మనుష్యపిండము పనసగింజ జాతిది. నిలువెల్ల నీరు.

ఆ 1972లోనే చుంచెలుకల పిండములను గడ్డకట్టించి, కరిగించి, పిల్లలను బుట్టించిరి. మనుష్యులలో ఈ పని మొదట జరిగినది మన దేశముననే. 1978 అక్టోబరు 3న కలకత్తాలో డాక్టరు సుభాష్ ముఖోపాధ్యాయ 53 దినములు గడ్డకట్టించి యుంచిన పిండమునుండి యొక యాడుబిడ్డను బుట్టించిరి. ఆ బిడ్డను లోకము దుర్గ యని పిలిచినది. ఆ వైద్యుని మాటను నమ్మినవారు లేకపోయిరి, విచారణసంఘము త్రోసిపుచ్చినది. 1981లో ఆయన ప్రాణత్యాగము చేసికొనిరి. 1997లో డాక్టరు ఆనందకుమార్ ఆయన వ్రాతలను బరిశీలించి, అది నిజమని చాటిరి. ఈ సంగతి చెప్పినపుడు చెల్లెలి యత్తగారు చాలసేపు మౌనముగా నుండి, "ఆయన భార్య యుండెనా?" అని యడిగిరి. ఉన్నదంటిమి.

నేడు పిండముల విషయమున మెల్లగా జల్లార్చు పద్ధతిని చాలవఱకు మానిరి. పాకము పట్టునపుడు మీరు చూచినదే: చక్కెరపాకమును నెమ్మదిగా వదలినచో కలకండ పలుకులు కట్టును, తటాలున జల్లార్చినచో పలుకు కట్టక గాజువలె నగును. అట్లే పిండములోని నీటిని గొంత లాగి, దాని బదులు పాకమువంటి చిక్కని ద్రవమును జేర్చి, క్షణములో నత్రజనిలో ముంచెదరు. మంచు కట్టుటకు వ్యవధియే లేక లోపలిదంతయు గాజగును. తీయునపుడును అంతే వేగము. అటుపై జక్కెరనీటిలో నుంచి క్రమక్రమముగా పలుచన చేయుదురు. ఒక్కమాఱుగా నీటిలో వేసినచో నెండుద్రాక్షవలె నుబ్బి పగులును. మంచి చేతులలో నూటికి తొంబదికి పైగా బ్రదుకునని ఆ పడుచు చెప్పెను.

మేము దీని నంతయు చెల్లెలికి జెప్పితిమి. చెప్పవలదని మావా రనిరి గాని, మంచిని చెప్పి చెడును దాచుట మాకు న్యాయముగా దోచలేదు. తాజా పిండమునుండి పుట్టిన బిడ్డలకంటె, గడ్డకట్టించి తీసిన పిండమునుండి పుట్టినవారు సగటున గొంచెము బరువు హెచ్చు. నెలలు నిండని కాన్పులు తక్కువ. కాని తల్లికి గర్భకాలమున రక్తపుపోటు వచ్చుట హెచ్చుగా గనబడుచున్నది. అందును, సహజముగా నండము విడుదల కాని నెలలో కేవలము మందులతో గర్భాశయమును సిద్ధపఱచినపుడు మఱింత. చలి చేయు మార్పెంతయో, మందు చేయు మార్పెంతయో విడదీయుట సులభము గాదు. చెల్లెలికి నెలలు సరిగా రావు, మందులు తప్పవు. విని, "అయితే పోటు చూపించుకొనుచుండెదను" అని మాత్ర మనెను. మే మనుకొన్నదానికంటె అది ధైర్యవంతురాలు.

శ్రావణమాసమున నొక శుక్రవారము పిలుపు వచ్చెను. అత్తగారును మాతో వచ్చిరి. వైద్యశాల మెట్ల వద్ద మా చేయి పట్టుకొని, "అందులో దానికి చలి వేసియుండునా?" అని మెల్లగా నడిగిరి. ఐదు దినముల పిండమునకు నరములే పుట్టవు, చలియు వేడియు దెలియవని చెప్పితిమి. తల యూపిరి గాని నమ్మినట్లు లేదు.

కరిగించిన పిండమును ఆ పడుచు మాకు తెరమీద చూపెను. ఐదవనాటి పిండము నడుమ నీటితో నిండిన యొక గుల్ల యుండవలెను. గడ్డకట్టించునపుడు ఆ నీరు పోయి, పిండము ముడుచుకొనియుండును. మరల బ్రదికినదో లేదో తెలియుటకు రెండు మూడు గంటలు చూడవలెను. బ్రదికినచో వెలుపలి కణములు మరల నీటిని లోనికి జేర్చుకొని, పిండము మెల్లమెల్లగా విచ్చుకొనును. మొదటిది విచ్చుకొనలేదు. ఎంతసేపు చూచినను నల్లగా ముడుచుకొనియే యుండెను. నూటికి తొంబది యనుమాట మూడు మాత్రమే యున్న తల్లికి ఏమి యూరట? చెల్లెలు గోడవైపు తిరిగి యేడ్చినది. మేము నేర్చిన శాస్త్రమంతయు ఆ గదిలో నొక్క మాటకు గూడ నుపయోగపడలేదు.

రెండవదానిని దీసిరి. అందొక ప్రక్క గొన్ని కణములు చచ్చియుండెను. "మిగిలినవి చాలును, చూడుడు" అని ఆ పడుచు చెప్పెను. గంటన్నర గడచిన పిదప నానుచున్న శనగగింజవలె నది కొద్దికొద్దిగా నుబ్బసాగెను. నడుమ నొక వెలుగు గీత. పిదప నొక గుల్ల. అత్తగారు తెరకు దండము పెట్టిరి. మేమును బెట్టితిమి.

ఇప్పుడు పుష్యమాసము. చెల్లెలికి ఆఱవ నెల నడచుచున్నది. వారమున కొకమాఱు పోటు చూపించుకొనుచున్నది. గత పక్షమున గొంచెము హెచ్చినందున మందు మొదలు పెట్టిరి, ఉప్పు తగ్గింపుమనిరి. అత్తగారు ఉన్ని కుళ్ళాయి యల్లుచున్నారు. వేసవిలో బుట్టబోవు బిడ్డకు ఉన్ని యెందులకని యెవరును వారి నడుగలేదు. మా బఱ్ఱెయు రెండవమాఱు సూదికి చూడి నిలిచి, నేడో రేపో యీనునట్లున్నది.

మూడవది మాత్రము ఆ చలిలోనే యున్నది. వైద్యశాలనుండి యేటి రుసుము చీటీ వచ్చెను. 2021నాటి చట్టముచే పిండములను పదేండ్లకు మించి దాచరాదు. ఏటేట డబ్బు కట్టి యుంచవలెను, లేదా ఇక వలదని వ్రాసియీయవలెను. ఆలుమగ లిద్దఱును సంతకములు చేయవలసిన కాగితమది. చెల్లెలి భర్త ఖర్చులు లెక్కించుకొనుచున్నారు. అందు వారి తప్పు లేదు. అపాయమంతయు గడప దాటునపుడే యని చెప్పిన మమ్మే చెల్లెలు మరల నడిగెను: "అయితే లోపల నున్నంత కాలము దాని కేమియు గాదు గదా, అక్కా?"

బిందెలో నత్రజని యున్నంత కాల మేమియు గాదంటిమి. అది దినదినము ఆవిరియగుచునే యుండును. ఎవరో యొకరు మఱవక పోయుచుండవలెను. 2018 మార్చిలో అమెరికాలో రెండు వైద్యశాలలలో నట్టి తొట్లు చెడి, వేలకొలది అండములును బిండములును నశించిన సంగతి మాత్రము చెప్పలేదు. చెడును దాచరాదనుకొన్న మేమే దాచితిమి.

"ఈ యేటికి గట్టుదము" అని చెల్లెలు చీటీని మడిచి, మా వంటింటి యల్మారులో పోపులపెట్టె క్రింద నుంచిపోయెను. సంతకములు ఇంకను గాలేదు.